చెట్టు తల కొట్టించకండి: పెరట్లో పెద్ద చెట్టున్నవాళ్ళు తుపాను కాలం లోపు చేయించాల్సిన పనులు

విజయనగరం, శ్రీకాకుళం శివారు కాలనీల్లో ఇప్పుడు ఇళ్ళున్న జాగా చాలావరకు ఒకప్పటి తోటో, మెట్ట భూమో. లేఅవుట్ వేసినప్పుడు చెట్లన్నీ పోగా అక్కడొకటి ఇక్కడొకటి మిగులుతాయి. అలా మిగిలిన మామిడో, పనసో, చింతో, వేపో మీ ప్రహరీ లోపల పడిందంటే మీ ఇంటికంటే వయసులో పెద్దదాన్ని మీరు పోషిస్తున్నట్టే. ఏప్రిల్, మే నెలల్లో దాని నీడ విలువ మీకు తెలుసు. అక్టోబరు వచ్చేసరికి అదే చెట్టు మేడ మీదకు వాలుతుందేమోనని నిద్ర పట్టదు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగేది విజయదశమి వెళ్ళిన మంగళవారం, అంటే తుపానుల కాలం నడిమధ్య. అందుకని చెట్టు పనికి దసరాను గడువుగా పెట్టుకోకండి, వినాయక చవితిని పెట్టుకోండి.

భయపడ్డ ఇంటాయన సాధారణంగా చేసే పని ఒకటుంది. కత్తి, రంపం పట్టుకుని వీధిలో తిరిగే మనిషిని పిలిచి, చెట్టును పైనుంచి సగానికి కొట్టించి బోడి చేయించేస్తాడు. ఆ ఏడాదికి ధైర్యంగానే ఉంటుంది. కానీ పెద్ద కొమ్మను నడిమికి తెగ్గొడితే ఆ మోడు మూసుకోదు, వాన నీరు పట్టి లోపలికి కుళ్ళు దిగుతుంది. ఆకులన్నీ పోయి ఆకలిమీద ఉన్న చెట్టు మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు వేస్తుంది. చూడ్డానికి పచ్చగా, బలంగా కనిపిస్తాయి. అసలు కొమ్మయితే మాను లోపలి చెక్కతో ఏటేటా పొరలుగా పెనవేసుకుని ఎదుగుతుంది. ఈ చిగుళ్ళు పైపొరకే అతుక్కుని ఉంటాయి, గోడకు జిగురుతో అంటించిన కొక్కెంలాగా. నాలుగైదేళ్ళకు అవి చేయంత లావై, ఆకుల బరువుతో, కింద కుళ్ళిన మోడు మీద నిలబడతాయి. ఆ తర్వాతి తుపానుకు మీ రేకుల షెడ్డు మీద పడేవి అవే. బోడి చేయించిన చెట్టు చేయించని చెట్టుకంటే ప్రమాదం. ఈ ఒక్క సంగతి ఇంట్లోవాళ్ళ చేత ఒప్పించగలిగితే మిగతా పనులు తేలిక.

1. కూలీని పిలిచే ముందు చెట్టును మీరు చూడండి

రెండు మంచి వానలు పడ్డాక, ఎండ కాసిన ఉదయం ఒక అరగంట పెట్టుకోండి. కింద నుంచి పైకి చూసుకుంటూ పోవాలి, ఎందుకంటే పెద్ద చెట్టు పడిపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు మొదట్లోనే ఉంటుంది.

మాను నేలను తాకే చోట వెడల్పై వేళ్ళుగా విచ్చుకోవాలి. కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయిందంటే ఎవరో ఎప్పుడో మట్టి ఎత్తు పోశారని అర్థం. లేఅవుట్ చదును చేసినప్పుడు జరిగే పని ఇది. మొదలు చుట్టూ పుట్టగొడుగులు, మానుకు అంటుకుని చెక్కలా గట్టిగా ఉండే గొడుగులు కనిపిస్తే లోపల వేరో, మానో కుళ్ళుతోందన్నమాట. వాటిని పీకి పారేసినంత మాత్రాన కుళ్ళు పోదు.

తర్వాత వాలు చూడండి. చిన్నప్పటినుంచి వంగి పెరిగిన చెట్టు చివర మళ్ళీ పైకి తిరిగి ఉంటుంది. అలాంటి దానితో భయం లేదు. నిరుడు నిటారుగా ఉండి ఈ ఏడు వంగిందంటే మాత్రం భయపడాలి. వంగిన వైపుకు ఎదురు వైపు నేల పగిలిందా, మట్టి ఉబికిందా చూడండి. ఉంటే కొమ్మల సంగతి పక్కన పెట్టి, ఆ చెట్టు కిందనుంచి బండిని, మంచాన్ని ఇవాళే తీసేయండి.

మాను మీద కత్తి వెనకవైపుతో నెమ్మదిగా తడుతూ చుట్టూ తిరగండి. గట్టి చెక్క ఒక రకంగా, డొల్ల మరో రకంగా పలుకుతాయి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పనికిరాదనుకోకండి. పాత చింతలు, రావులు డొల్లగానే దశాబ్దాలు నిలబడతాయి. తొర్ర చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు ఉంటే పరవాలేదన్నది చెట్ల నిపుణులు వాడే ఒక మోటు లెక్క. 60 సెంటీమీటర్ల లావు మానుకు చుట్టూ 10 సెంటీమీటర్ల గట్టి చెక్క ఉండాలన్నమాట. అంతకంటే తక్కువున్నా, తొర్ర ఒక పక్కకు పెద్ద నోరు తెరిచి ఉన్నా తెలిసినవాళ్ళకు చూపించాలి. తొర్రలో సిమెంటు మాత్రం పోయించకండి. గాలికి మాను కదులుతుంది, సిమెంటు కదలదు. రెండూ రాసుకుని లోపలి గాయం పెద్దదవుతుంది, పైగా తడి లోపలే ఉండిపోతుంది.

మామిడి మానుకు చిల్లులుండి వాటి కింద రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు చేరింది. సన్నటి ఇనుప తీగ చిల్లులోకి పోనిచ్చి పురుగును పొడిచి లాగాలి. తర్వాత కిరోసిన్‌లో ముంచిన దూది లోపల పెట్టి బంకమట్టితో మూసేయాలి. చెదలు కనిపిస్తే పైమట్టి గీకి చూడండి. ఎండిన బెరడు వరకే తింటుంటే కంగారు లేదు. కింద చెక్క మెత్తబడి ఉంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

ఇక పంగలు. రెండు పెద్ద కొమ్మలు వెడల్పుగా విడిపోయి మధ్యలో గట్టి ఉబ్బు ఉంటే అది మంచి పంగ. ఇరుకుగా, రెండూ ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోయి ఉంటే అక్కడ చెక్కకు చెక్క అతకలేదు. గాలికి మాను నిలువునా చీలేది ఆ పంగ దగ్గరే.

చివరగా కొమ్మలు. ఎండినవి, విరిగి వేలాడుతున్నవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి, బదనిక పట్టినవి. బదనిక అంటే చెట్టు కొమ్మ మీదే పాతుకుని దాని రసం పీల్చి బతికే మొక్క, మన మామిడికి దాని పీడ చాలా ఎక్కువ. దాని పండ్లు తిన్న పిట్టలు గింజను ఇంకో కొమ్మకు అంటిస్తాయి, అక్కడ ఇంకోటి మొలుస్తుంది. బదనికను చేత్తో విరిచేస్తే మళ్ళీ వస్తుంది, అది పాతుకున్న చోటికంటే ఒక మూర దిగువన, మాను వైపుగా కొమ్మను కోయించాలి. తీయించాల్సిన ప్రతి కొమ్మకూ పాత చీర పేలిక ఒకటి కట్టండి. అందకపోతే ఫోనులో ఫొటో తీసి దాని మీద గుర్తు పెట్టుకోండి. కూలీ చెట్టెక్కాక కింద నుంచి ‘అది కాదు, దాని పక్కది’ అని అరిస్తే పైనున్న మనిషికి ఏదీ అర్థం కాదు.

2. ఎంత తీయించాలో తేల్చుకోండి

గాలి చెట్టులోంచి దూరిపోవాలి, చెట్టు మాత్రం చెట్టులా ఉండాలి. ఎండినవి, జబ్బువి ఎన్నైనా తీయొచ్చు. పచ్చి కొమ్మల్లో మాత్రం ఒక్క ఏడాదిలో నాలుగో వంతు దాటకూడదు. బాగా వయసు మళ్ళిన చెట్టయితే పదో వంతు చాలు. ఆకే దానికి అన్నం వండే చోటు, ముసలి చెట్టుకు నిల్వలు తక్కువ.

ఇంటి మీదకు సాగిన పొడవాటి కొమ్మను మొత్తం తీయక్కర్లేదు. చివరి బరువు తగ్గించండి: ఆ కొమ్మ మీదే పక్కకు చీలిన పిల్లకొమ్మ, కనీసం తల్లికొమ్మలో మూడో వంతు లావున్నది, ఎక్కడుందో చూసి దానిదాకా వెనక్కి కోయించండి. ఆ పిల్లకొమ్మ తల్లికొమ్మ పనిని అందుకుంటుంది, గుత్తి చిగుళ్ళు రావు.

ఇంకో అలవాటు మన దగ్గర బాగా ఉంది. పైకెక్కినవాడు చేతికందిన లోపలి చిన్న కొమ్మలన్నీ గీకేసి, చివర్లో మాత్రం ఆకుల గుత్తి వదిలేస్తాడు. కింద నుంచి చూస్తే పలచగా, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ బరువంతా కొమ్మ చివరికి చేరుతుంది, గాలికి మధ్యలో ఫెళ్ళున విరుగుతుంది. పలచన చేయడమంటే కొమ్మ చివర్ల వైపు చేయడం. లోపలి కొమ్మలు ఉండాలి.

ఏ చెట్టుకెంత జాగ్రత్త అన్నది జాతిని బట్టి మారుతుంది. చింతకు తక్కువ. పైడితల్లమ్మ సిరిమాను చింత మానే, దాని కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారంటే ఆ చెక్క సంగతి ఇంక చెప్పక్కర్లేదు. నేరేడుదీ గట్టి చెక్కే. తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు త్వరగా ఎదుగుతాయి, వేళ్ళు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసు. అవి ఇంటికి ఆనుకుని ఉంటే రెండు మూడేళ్ళకోసారి చివరి బరువు తీయిస్తూనే ఉండాలి.

3. కాలం

ఎండు కొమ్మలకు కాలంతో పని లేదు, ఎప్పుడైనా తీయొచ్చు. మామిడికి కాపు దిగిన వెంటనే, ఆషాఢంలో. సువర్ణరేఖయినా, పణుకులైనా పూత వచ్చేది కొమ్మ చివర్లకే. అప్పుడు కోస్తే కొత్త చిగురు ముదరడానికి టైం ఉంటుంది, చలికాలంలో పూస్తుంది. కార్తీకంలో కోయించి ‘ఈ ఏడు పూత రాలేదు’ అనుకునేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. వేప, కానుగలకు ఆకు రాలి కొత్త చిగురు రాకముందు, మాఘ ఫాల్గుణాల్లో.

గూళ్ళు కూడా చూసుకోండి. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కొంగలు గూడు కట్టాయని ఊరంతా చెట్లను కాపాడుకుంటుంది. మీ పెరట్లో ఉన్నది రెండు కాకి గూళ్ళే కావచ్చు, పిల్లలు ఎగిరేదాకా ఒక నెల ఆగితే పోయేదేం లేదు.

4. మనిషిని కుదుర్చుకోవడం

మిగతా అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ చెట్లు పాడవుతాయి. పెద్ద నగరాల్లో చెట్ల సంరక్షణే వృత్తిగా శిక్షణ పొందినవాళ్ళు దొరుకుతారు. మన దగ్గర దొరికేది చెట్లు కొట్టేవాళ్ళు, కొబ్బరి దింపేవాళ్ళు. ఎక్కడంలో, మోకు వాడడంలో వాళ్ళకున్న నేర్పు తక్కువేం కాదు. చిక్కంతా బేరంలో ఉంది.

‘డబ్బులొద్దు బాబూ, కట్టె మాది’ అంటారు. లేదా కూలీ సగం, కట్టె సగం. వినడానికి మనకు లాభం. కానీ కట్టె తనదైనప్పుడు అతని కన్ను దేనిమీద ఉంటుంది? లావు కొమ్మ మీద. మీరు తీయమన్నది చిటికెన వేలంత ఎండు మండలు, బదనిక కొమ్మలు, చివరి బరువు. అందులో అతనికి ఏం గిట్టదు. అందుకే పైకెక్కాక ‘ఇదీ ఏసేద్దాం బాబూ, మళ్ళీ సిగురేసేస్తాది’ అని తొడ లావు కొమ్మ దింపేస్తాడు. తప్పు అతనిది కాదు, బేరానిది. రోజు కూలీ పూర్తిగా డబ్బుగా ఇవ్వండి, కట్టె మీదేనని ముందే చెప్పండి. తర్వాత ఆ కట్టె అతనికే ఇవ్వాలనిపిస్తే పని అయ్యాక ఇవ్వండి, ముందు మాత్రం మాటివ్వకండి.

మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు అడిగితే మనిషి తెలిసిపోతాడు. ‘ఈ కొమ్మ ఎక్కడ కోస్తావు?’ అంటే మానుకు ఎంత దగ్గరో చూపించాలి. ‘ఎలా దింపుతావు?’ అంటే తాడు కట్టి అని రావాలి, ‘పడిపోద్ది’ అని కాదు. మోకు, నడుము తాడు, హెల్మెట్ ఉన్నాయా? కింద ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడా? మెషిన్ రంపం తెస్తానంటే నిచ్చెన మీద నిలబడి వాడనివ్వనని అక్కడే చెప్పేయండి. కాళ్ళకు మేకుల చెప్పులు వేసుకునో, మానుకు కత్తితో గాట్లు పెట్టుకునో ఎక్కేవాళ్ళను ఉంచే చెట్టుకు వద్దనండి. ప్రతి గాటూ కుళ్ళుకు తలుపే. అలాంటి ఎక్కుడు తీసేసే చెట్టుకైతే సరే.

చెట్టే పూర్తిగా తీసేయాల్సి వస్తే ఇది వేరే వ్యవహారం. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, 2002 నుంచి ఉంది. సొంత జాగాలో చెట్టయినా కొట్టేముందు అనుమతి అడగాల్సిందే. నగరపాలక సంస్థ కార్యాలయంలో, అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కుని, ఇంటికి వాలిన చెట్టు ఫొటోలు జతచేసి దరఖాస్తు ఇవ్వండి. వంగిన వైపు, నేల పగిలిన చోటు ఫొటోలో కనపడాలి.

5. తీగలు

సర్వీసు వైరుకైనా, వీధి లైనుకైనా కొమ్మ తగులుతుంటే ఆ పని కూలీ చేత చేయించకండి. పచ్చి కొమ్మ, తడిసిన తాడు రెండింటిలోనూ కరెంటు పారుతుంది. విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళకు 1912కు ఫోను చేసి, లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే ఎవరైనా ఎక్కాలి. ‘ఫ్యూజు పీకేశాంలే’ అన్న మాట నమ్మకండి. మీ ఫ్యూజు మీ ఇంటిదే, తీగది కాదు. తుపాను కాలానికి ముందు విద్యుత్ సంస్థవాళ్ళే వీధి చెట్ల కొమ్మలు కొట్టుకుంటూ వస్తారు. ఆ రోజు ఇంట్లో ఉండి, ఏ కొమ్మ ఎక్కడిదాకా అని దగ్గరుండి చెప్పుకోండి. లేకపోతే లైను వైపు సగం చెట్టు గుండు అవుతుంది, బరువంతా మీ ఇంటి వైపు మిగులుతుంది.

6. కోత రోజు

ప్రతి కొమ్మ మొదట్లో, మానుతో కలిసే చోట, చుట్టూ చిన్న ఉబ్బు ఉంటుంది. పైవైపు బెరడు ముడతపడి గీతలా కనిపిస్తుంది. ఆ ఉబ్బు కొమ్మది కాదు, మానుది. గాయాన్ని మూసే కణజాలం అక్కడే ఉంటుంది. కాబట్టి కోత ఆ ఉబ్బుకు కాస్త బయట పడాలి. మానుకు సమంగా నున్నగా కోసేస్తే ఉబ్బు పోతుంది, గాయం రెట్టింపవుతుంది. జానెడు మోడు వదిలేస్తే అది మూసుకోక ఎండి కుళ్ళుతుంది. మన కూలీలు నున్నగా కోయడమే నేర్పనుకుంటారు. దగ్గరుండి చూపించండి.

బరువైన కొమ్మను ఒకే వేటుకు కోయిస్తే సగంలో విరిగి మాను బెరడు కిందిదాకా చీలుకుంటూ వస్తుంది. అందుకే మూడు కోతలు. మానుకు అడుగు, అడుగున్నర దూరంలో ముందు కొమ్మ కింది వైపునుంచి మూడో వంతు లోతు కోయాలి. తర్వాత దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి కోస్తే కొమ్మ చీలకుండా తెగి పడుతుంది. మిగిలిన మోడును అప్పుడు ఉబ్బుకు బయటగా నిదానంగా, రంపంతోనే, కోసేయాలి. చివరి కోతకు కత్తి పనికిరాదు, అంచులు చితికిపోతాయి.

కోసిన చోట ఏం పూయాలని అందరూ అడుగుతారు. తారు, పెయింటు వద్దు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా చీల్చి చూసి, 1970లలో తేల్చి చెప్పిన సంగతి: చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ లోపల గోడలు కట్టి కుళ్ళును అక్కడికక్కడ ఆపుతుంది. పైపూత ఆ గోడలకు సాయం చేయదు, తడిని లోపల దాస్తుంది. మామిడికి మాత్రం వానాకాలంలో కోసినచోట బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయమని మన ఉద్యానవాళ్ళు చెబుతారు. ఎండు తెగులున్న తోటల్లో అది అర్థవంతమే. కొమ్మలు పోయి కొత్తగా ఎండ తగిలే మాను భాగానికి పలచటి సున్నం వేయించండి, బెరడు మాడదు.

7. నేల పని

కొమ్మల మీద ఇంత ఖర్చు పెట్టేవాళ్ళు వేళ్ళ వైపు చూడరు. ఈదురుగాలికి చెట్టును పట్టి ఉంచేది అవే. పెద్ద చెట్టుకు నీరు, బలం లాగే వేళ్ళలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. తల్లివేరు పాతాళానికి పోయిందిలే అన్న ధీమాతో మొదలు చుట్టూ సెప్టిక్ ట్యాంకుకు, ప్రహరీ పునాదికి, పైపు లైనుకు తవ్వేస్తారు. మాను ఎంత లావుంటే దానికి 12 రెట్ల దూరం వరకు అన్ని వైపులా తవ్వకూడదన్నది లెక్క. అరమీటరు లావు మానుకు ఆరు మీటర్లు. అయిదు సెంట్ల స్థలంలో అంత జాగా దొరకదని నాకూ తెలుసు. కనీసం ఒక్క వైపు మాత్రమే తవ్వండి, రెండు వైపులా వద్దు. మణికట్టు లావు వేరు తగిలితే దాని కింద సొరంగం చేసి పైపు పోనివ్వండి. ప్రహరీ అయితే ఆ చోట పునాది బదులు రెండు పిల్లర్ల మీద బీము వేయిస్తే వేరు కిందనుంచి పోతుంది. మేస్త్రీలకు అది కొత్త పని కాదు.

వేరు తెగిన చెట్టు ఆ ఏడే పడదు. రెండు మూడేళ్ళ తర్వాత పై కొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి తవ్విన సంగతి అందరూ మరిచిపోయి, తెగులొచ్చిందని మందు కొడుతుంటారు.

సిమెంటు చప్టా ఇంకో గొడవ. బురద అవుతుందని పెరడంతా మొదలుదాకా చప్టా పోయిస్తారు. వేపకు, రావికి చుట్టూ అరుగు కట్టి లోపల మట్టి నింపుతారు. నేలలో పాతిన బెరడు తడికి కుళ్ళుతుంది. మాను చుట్టూ కనీసం ఒక నిలువు దూరం సిమెంటు పగలగొట్టించి, ఎత్తు పోసిన మట్టి తీసేసి, వేళ్ళు విచ్చుకునే చోటు మళ్ళీ కనబడేదాకా చేత్తో తవ్వండి. గునపం వద్దు. నడవడానికి జాగా కావాలంటే అక్కడ ఇటుకలు పరిచి సందుల్లో ఇసుక పోయండి, నీరు, గాలి దిగుతాయి.

తర్వాత ఎండుటాకులు. చెట్టు కింద ఊడ్చి తగలబెట్టే ఆకునే మూడు నాలుగు అంగుళాల మందాన పరిచేయండి, మానుకు జానెడు దూరం వదిలి. బాగా మాగిన గెత్తం ఉంటే దాని కింద పలచగా వేయండి. వేసవిలో పెద్ద చెట్టుకు రోజూ చెంబుడు నీళ్ళు మొదట్లో పోయడం వల్ల లాభం లేదు. రెండు మూడు వారాలకోసారి, కొమ్మల నీడ అంచున, పైపు సన్నగా వదిలి గంటలకొద్దీ నాననివ్వాలి. మన ఎర్ర నేల నీటిని తొందరగా వదిలేస్తుంది, పైన ఆకు పొర ఉంటేనే నిలబడుతుంది.

మానుకు చుట్టిన బట్టల తీగలు, ఉయ్యాల తాళ్ళు, కేబుల్ వైర్లు కూడా ఈ రోజే విప్పేయండి. మాను లావెక్కే కొద్దీ తీగ లోపలికి దిగి బెరడును కోసేస్తుంది. ఇప్పటికే చెక్కలో కూరుకుపోయి ఉంటే లాగకండి, బయట ఉన్నంతవరకు కత్తిరించి వదిలేయండి.

8. కొబ్బరి

దీని లెక్క వేరు. కొబ్బరి మానుకు గాయాన్ని కప్పుకునే పొరే లేదు. గాటు పడితే అది చెట్టున్నన్నాళ్ళూ ఉంటుంది, ఎర్రముక్కు పురుగు దాంట్లోంచే దూరుతుంది. కాబట్టి మెట్లు కొట్టనివ్వకండి, మేకు దించకండి.

తుపాను వస్తోందంటే పచ్చి మట్టలన్నీ కొట్టించి నడి మొవ్వు ఒక్కటే ఉంచేవాళ్ళున్నారు. ఆరోగ్యంగా ఉన్న కొబ్బరికి 30 నుంచి 40 మట్టలుంటాయి. ఏడాదికి కొత్తగా వచ్చేవి పన్నెండు, పద్నాలుగే. అన్నీ కొట్టిస్తే కోలుకోడానికి రెండు మూడేళ్ళు. ఎండు మట్టలు, ముదురు కాయలు, ఎండు గెలలు దింపించండి, చాలు. గాలికి ఎగిరి దెబ్బ తగిలించేవి అవే.

విచ్చుకున్న కొత్త మట్టల ఆకులు త్రికోణంగా కత్తిరించినట్టుంటే కొమ్ము పురుగు తిన్నట్టు. మొవ్వులో చిల్లులోంచి ఇనుప కొక్కెంతో పురుగును లాగి, పై మూడు మట్టల మొదళ్ళలో ఒక్కో నాఫ్తలీన్ ఉండ పెట్టి పైన సన్న ఇసుక కప్పించండి. 45 రోజులకోసారి మళ్ళీ పెట్టాలి. ఆ పురుగు పుట్టేది గెత్తం కుప్పలో. కుప్పను కొబ్బరికి దూరంగా వేసుకుని, మధ్య మధ్య తిరగేస్తే తెల్లటి లావు పురుగులు బయటపడతాయి. కోళ్ళుంటే వాటికది పండగ.

9. తుపాను హెచ్చరిక వచ్చాక

హెచ్చరిక విని రంపం పట్టుకోవడం ఆలస్యం. అప్పుడు కూలీ దొరకడు, దొరికినా తడి చెట్టు ఎక్కించడం పాపం. కుండీలు, రేకు ముక్కలు, చెట్టుకు తగిలించినవి లోపల పెట్టుకోండి. చెట్టు వైపు గదిలో పడుకోకండి, బండి వేరే చోట పెట్టండి.

తుపాను వెళ్ళాక మొదట తీగలు చూడండి. పడ్డ కొమ్మ కింద తీగ ఉందంటే దాన్ని ముట్టుకోకండి, 1912. కొమ్మ వంగి బిగుసుకుని ఉంటే కోసిన వెంటనే కొరడాలా లేచి కొడుతుంది, అలాంటి వాటిని అనుభవం ఉన్నవాళ్ళకే వదలండి. చీలి వేలాడుతున్న కొమ్మను పైన చెప్పిన మూడు కోతలతో ఉబ్బు దగ్గరికి సవరించాలి. చీలిన చోటే అలా వదిలేయకూడదు.

చేయి లావు మొక్క వేళ్ళతో ఒరిగిపోతే రెండు మూడు రోజుల్లోపు, వేళ్ళు ఎండకుండా తడి గోనెపట్టా కప్పి ఉంచి, నిలబెట్టి మూడు వైపులా తాళ్ళు కట్టండి. తాడు బెరడును కోయకుండా పాత సైకిల్ ట్యూబు తొడగాలి, ఏడాది తర్వాత విప్పేయాలి. పెద్ద మాను ఒరిగితే పొక్లెయిన్‌తో నిలబెట్టించుకోకండి. ఆ వైపు వేళ్ళు తెగిపోయి ఉంటాయి. నిలబడినట్టు కనిపిస్తుంది, వచ్చే గాలికి అదే వైపు పడుతుంది.

ఇక, తుపాను వెళ్ళిన వారానికి ఆకంతా రాలి కొమ్మలు మాడినట్టు నిలబడ్డ చెట్లు చాలా కనిపిస్తాయి. ఉప్పు గాలి ఆకును కాల్చేస్తుంది. వేపకు చివర్లు ఎండే తెగులొచ్చినా వానాకాలం చివర్లో ఇలాగే చచ్చినట్టు కనిపిస్తుంది. చచ్చిపోయిందని వెంటనే కొట్టించేయకండి. కొమ్మ మీద గోరుతో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మకు ప్రాణం ఉంది. రెండు వారాలకోసారి నాలుగు వైపులా నాలుగు కొమ్మల మీద చూస్తూ ఉండండి. ఎరువులు కుమ్మరించకండి, ఎండగా ఉంటే నీళ్ళు ఇవ్వండి, అంతే. వేపయితే ఉగాదిదాకా ఆగండి. అప్పటికీ గీకిన ప్రతిచోటా కింద గోధుమ రంగే ఉంటే, ముందు అనుమతికి దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత కూలీని పిలవండి.